పాత ఆత్మలు కొంటాం

గొంతులు శుభ్రం చేయడం అక్క ఉద్యోగం. పాఠ్యపుస్తకాలు చదివించి రికార్డు చేసే ఒక సంస్థలో ఆమె పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. చదివేవాళ్లు ఊపిరి పీల్చిన చప్పుడు, పెదాలు తడుపుకున్న చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, దగ్గు, తుమ్ము, అన్నిటినీ తెరమీద గీతలుగా చూస్తూ ఒక్కొక్కటే కోసి పారేయాలి. చివరికి మిగిలేది ఊపిరి తీసుకోని, అలసిపోని గొంతు. అలాంటి గొంతు భూమ్మీద ఎవరికీ ఉండదు. అయినా వినేవాళ్లకు అదే కావాలి.

తమ్ముడి గొంతు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అతను కూరగాయల టోకు మార్కెట్లో వేలం వేసేవాడు. ఉల్లికి ఒక రాగం, టమాటాకు ఒక రాగం, వాడిపోయిన వంకాయకైతే జాలిగొలిపే రాగం. ఆ చివర లారీ దించుకునేవాడికి కూడా అతని మాట స్పష్టంగా వినిపించేది. మార్కెట్లో అందరూ అతణ్ణి ‘మైకు’ అనేవాళ్లు, మైకు అక్కర్లేనివాడు కాబట్టి.

అక్కకు పాటలు రాసే పిచ్చి. ఇరవై ఏళ్లుగా రాస్తూనే ఉంది, ఎవరూ పాడలేదు. నలభై ఆరో ఏట ఆమెకు ఒక పాత కథ పట్టుకుంది. అన్నీ చదివేసిన పండితుడు, ఇంకా చాలక, సైతానుకు ఆత్మ అమ్ముకుని సుఖాలు కొనుక్కున్న కథ. దాన్ని ఆమె తలకిందులు చేసింది. ఆమె కథలో సైతాను పాపం చితికిపోయిన వ్యాపారి. జనం అడగకముందే ఆత్మలు ఉచితంగా ఇచ్చేస్తుంటే కొనేదేముంది, అమ్మేదేముంది? గోదాములు నిండిపోయాయి. పండితుడేమో “నాది మంచి సరుకు, తీసుకో” అంటూ వెంటపడతాడు. సైతాను వీధి వీధీ తిరిగి పాత ఇనుము కొనేవాడిలా కేకలేస్తుంటాడు. తొమ్మిది పాటలు. ఆల్బమ్‌కు ‘పాత ఆత్మలు కొంటాం’ అని పేరు పెట్టింది.

పండితుడి పాటలు తానే పాడుతుంది. సైతాను పాటలు పాడమని తమ్ముణ్ణి అడిగింది.

“నేనా? సైతానంటే కాస్త గంభీరంగా ఉండాలేమో అక్కా. నాది వంకాయల గొంతు.”

“నాకు వంకాయల గొంతే కావాలిరా.”

తమ్ముడి భార్య దర్జీ. అక్కకు మరదలు. భర్త దెయ్యం వేషం కడుతున్నాడని విని మూతి ముడిచింది. “ఇప్పటికే అన్నంలోకి ఉప్పు అందించమన్నా వేలం వేసినట్టు అరుస్తాడు వదినా. ఇంక దెయ్యం కూడా తోడైతే నేను ఏమైపోవాలి?” అంది. అన్నదే గానీ, కుట్టుపనిలో మిగిలిన గుడ్డముక్కలన్నీ పోగేసి, మధ్యలో దూది పెట్టి, నాలుగు మందపాటి బొంతలు కుట్టి తెచ్చింది. అక్క ఇంటి మేడమీద పాత సామాన్ల గది ఖాళీ చేసి, గోడలకు ఆ బొంతలు వేలాడదీశారు. లోపల మాట్లాడితే మాట అక్కడే ఆగిపోయేది. “చెవిలో మాట్లాడుకున్నట్టుంది,” అన్నాడు తమ్ముడు, మొదటి రోజు.

మార్కెట్టు పొద్దున పదింటికల్లా ముగిసేది. అతను ఇంటికెళ్లి, స్నానం చేసి, తిని, ఒక కునుకు తీసి, మూడింటికి మేడెక్కేవాడు. మొదటి పాట రెండు రోజుల్లో అయిపోయింది. పండితుడు ఒప్పందం చదవకుండా సంతకం పెట్టే పాట అది.

చదువులన్నీ చదివినావు, చదవలేదు షరతులు
చివరనున్న చిన్న అక్షరాలె నాకు కోరలు

ఆ ‘కోరలు’ దగ్గర అతను ఎంత మర్యాదగా పలికాడంటే అక్కకు ఒళ్లు జలదరించింది. కోపంగా అరిచే సైతాను కాదు. బల్ల అవతల కూర్చుని, చల్లగా నవ్వుతూ, “ఇక్కడొక సంతకం, అక్కడొక సంతకం” అనే సైతాను. తమ్ముడిలో ఇలాంటి మనిషి ఒకడున్నాడని ఆమెకు తెలియదు.

నాలుగో పాట దగ్గర గొంతు బొంగురుపోవడం మొదలైంది. మార్కెట్లో దుమ్ము అన్నాడు. చరణానికీ చరణానికీ మధ్య దగ్గేవాడు. అక్క సాయంత్రాలు కూర్చుని ఆ దగ్గులు కోసేది. ఆఫీసు అలవాటు కొద్దీ కోసినవి పారేయకుండా ‘చెత్త’ అని ఒక చోట దాచేది, పని పూర్తయ్యాక ఒకేసారి తుడిచేయొచ్చని. మొదట్లో ఒక్కో దగ్గు తెరమీద సూదిలా సన్నగా ఉండేది. ఆరో పాటకు వచ్చేసరికి చిరిగిన గుడ్డ అంచులా, పీచులు పీచులుగా కనిపించసాగింది. డాక్టరు కంటే ముందు, మరదలి కంటే ముందు, అతని కంటే కూడా ముందు ఆమె దాన్ని కళ్లతో చూసింది.

చూసి ఊరుకోలేదు. తానే ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ గొంతులోకి గొట్టం దించి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. మార్కెట్టు గోలలో తనకు ఫోను వినపడదని తమ్ముడు అక్క నంబరిచ్చాడు. “ఇంట్లో చెప్పకు. అది ఊరికే హడలిపోతుంది. ఏమీ లేదని తేలాక చెబుదాం,” అన్నాడు.

ఫోను వచ్చినప్పుడు మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. తమ్ముడు బొంతల గదిలో వేణ్ణీళ్లు తాగుతూ చివరి పాటకు సిద్ధమవుతున్నాడు. అక్క మేడమెట్ల మీదకొచ్చి ఫోనెత్తింది.

“రిపోర్టు వచ్చిందండి. రేపు పొద్దున్నే తీసుకురండి. అంతవరకు గొంతు వాడొద్దని చెప్పండి, గుసగుసలు కూడా వద్దు,” అంది అవతలి అమ్మాయి.

“అలాగే,” అంది అక్క.

ఆమె అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత రోజుల్లో ఆ కాసేపు గురించి ఆమె తనకు తాను చాలా రకాలుగా చెప్పుకుంది. కాళ్లూ చేతులూ ఆడలేదనీ, విన్నది బుర్రకెక్కలేదనీ. అవేవీ నిజం కావు. బుర్ర చాలా తేటగా పనిచేసింది. రేపు వెళితే ఇంక పాడనివ్వరు. ఆ పాట ఇవాళ లేకపోతే ఎప్పటికీ లేదు. ఎనిమిది పాటలు ఉండి, తొమ్మిదోది లేకపోతే కథకు ముగింపే లేదు. ఒక్క పూట. ఒక్క పూటలో ఏం మునిగిపోతుంది?

“ఎవరక్కా?” అన్నాడు తమ్ముడు లోపల్నుంచి.

“ఆఫీసు వాళ్లురా,” అంది ఆమె.

చివరి పాట వేలంపాట. కొనేవాడు లేక సైతాను పండితుడి ఆత్మను నడిబజారులో వేలానికి పెడతాడు.

ఒకటోసారి! పండితుడి ఆత్మ, ఒక్క చోటా చిరుగు లేదు
రెండోసారి! వాడనే లేదు, వాడే తీరిక దొరకనే లేదు

ఆ పూట పాట రాలేదు. ‘రెండోసారి’ దగ్గర గొంతు చీలిపోయింది. మర్నాడు కూడా రాలేదు. “నాకు రోజూ చేసే పనే కదా, ఇదెందుకు ఇలా మొరాయిస్తోంది?” అని తమ్ముడు నవ్వాడు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోమంది అక్క. పొద్దున మార్కెట్లో మాత్రం అరుస్తూనే ఉన్నాడు, అక్కడ మానితే పనిపోతుంది. ఆసుపత్రి నుంచి మళ్లీ రెండుసార్లు ఫోను వచ్చింది. “తీసుకొస్తున్నామండి,” అంది రెండుసార్లూ. ఒక్క పూట అనుకున్నది పదకొండు రోజులైంది.

పదకొండో రోజున అతను పాటలోకి నేరుగా వెళ్లిపోయాడు. ‘రెండోసారి’ అయ్యాక, తాళం ఆగిపోయిన చోట, అతను మాట్లాడలేదు. అక్క చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. గది తలుపుకున్న అద్దంలోంచి చూస్తే అతను కళ్లు మూసుకుని నిలబడ్డాడు. గొంతు పట్టుకుపోయిందని తర్వాత చెప్పాడు. అప్పుడు చాలా కింది నుంచి, రాయిని రాయి మీద ఈడ్చినట్టు, ‘మూడోసారి’ అన్నాడు. వెంటనే సైతాను నవ్వు నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారింది, ఎంతకూ ఆగలేదు.

ఆ సాయంత్రమే, దీపాలు పెట్టే వేళకు, నవ్వు చివరి దగ్గును ఆమె కోసేసింది. నవ్వు ఉన్నట్టుండి గాలిలో తెగిపోయింది. అది ఇంకా బాగుంది. ఆమె పనిముట్లు సర్దుకుని కిందికొచ్చి, “ఇవాళ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందిరా,” అని చెప్పింది.

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. గొంతులో గడ్డ. చెడ్డ గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. మరదలు నేలమీద చతికిలబడి, “దుమ్మన్నావు కదయ్యా, దుమ్మన్నావు కదా,” అని ఒకే మాట అంటూ కూర్చుంది. ఆపరేషనుకు తీసుకెళ్లేముందు తమ్ముడు అక్కను దగ్గరికి పిలిచాడు. “చివరి పాట బాగా వచ్చిందా? మళ్లీ పాడమంటే కుదరదు మరి,” అన్నాడు. ఆమె తలూపింది. ఆ గొంతుతో అతను అనగా ఆమె విన్న చివరి మాట అదే.

ప్రాణం దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని గుండా ఊపిరి. మాట్లాడాలంటే పిల్లల పలక. మార్కెట్టువాళ్లు మంచివాళ్లు, లారీలు దించేచోట నిలబడి చూసుకునే పని ఇచ్చారు. కొత్త వేలంవాడు గొంతు చించుకుని అరుస్తుంటే, మైకు ఒక మూల బస్తా మీద కూర్చుని వింటూ ఉండేవాడు.

ఆల్బమ్ బయటికి వదలొద్దంది మరదలు. తమ్ముడు పలకమీద ‘వదులు’ అని రాసి, కింద గట్టిగా రెండు గీతలు గీశాడు.

అక్క వదిలింది. పది మంది వింటే గొప్పనుకుంది. నెల తిరక్కుండా అది ఊరంతా పాకింది. దస్తావేజులు రాసేవాళ్లు, ఉద్యోగాల ఒప్పందాలు చేసుకునేవాళ్లు ‘చదవలేదు షరతులు’ అని ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. మంగలి దుకాణాల్లో సైతాను పాడాడు. బడి వదిలాక పిల్లలు ఆ నవ్వును అనుకరిస్తూ, సరిగ్గా అది తెగిపోయేచోట టక్కున ఆపి, పడీ పడీ నవ్వేవారు. అక్క బస్సు దిగి ఇంటికి నడిచే ఆరు నిమిషాల దారిలో తమ్ముడి గొంతు కనీసం రెండుసార్లు ఎదురయ్యేది. మొదట్లో గర్వంగా ఉండేది. తర్వాత ఆమె వేరే దారిలో నడవడం మొదలుపెట్టింది. ఆ దారిలోనూ ఎవరో ఒకరి కిటికీలోంచి అతను మర్యాదగా పలకరించేవాడు.

ఆ తర్వాత దగ్గు వినిపించింది.

చివరి పాటలో, ‘రెండోసారి’కీ ‘మూడోసారి’కీ మధ్య ఉన్న నిశ్శబ్దంలో, చిన్నగా, గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఒక దగ్గు. కోయడం మరిచిపోయానా అనుకుంది. తెరమీద ఆ భాగాన్ని ఎంత పెద్దది చేసి చూసినా గీత చదునుగా ఉంది, అక్కడ ఏమీ లేదు. ఆఫీసులో పక్క సీటామెకు ఆ ముక్క పెట్టి, దగ్గు వినపడిందా అని అడిగింది. “ఏమీ లేదే. భలే నిశ్శబ్దం, గుండె ఆగిపోయినట్టుంది,” అందామె మెచ్చుకోలుగా. అక్కకు మాత్రం ప్రతిసారీ వినిపించింది. ఒక రోజు ధైర్యం చేసి ‘చెత్త’ తెరిచింది. నాలుగు వందల పన్నెండు దగ్గులు. మొదటి నుంచి చివరిదాకా వరసగా వింది. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఒక మనిషి మెట్టు మెట్టుగా ఏదో లోతుకు దిగిపోతుంటే తాను పైన నిలబడి, ఒక్కో మెట్టూ కోసి దాచిపెట్టినట్టనిపించింది. చివరి పదకొండు రోజులవీ వేరుగా లెక్కపెట్టింది. తొంభై నాలుగు.

ఆమె ఒంటరిగా డాక్టరమ్మ దగ్గరికెళ్లింది.

“మీరు ఫోను చేసిన రోజే తీసుకొచ్చుంటే గొంతు మిగిలేదా?”

డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. ఫోను చేసిన తేదీల దగ్గర వేలు ఆగింది. తల పైకెత్తి అక్క ముఖంలోకి చూసింది గానీ ఎందుకు తేలేదని అడగలేదు.

“అది నెలల తరబడి పెరిగిందమ్మా. పదకొండు రోజుల్లో ఏం మారిందో నేను చెప్పలేను. కొంత మిగిల్చేవాళ్లమేమో. ఏమీ మిగిలేది కాదేమో.”

“ఏదో ఒకటి చెప్పండి.”

“తెలిస్తే చెప్పేదాన్ని కదమ్మా.”

తిడితే ఏడ్చేది. నీ తప్పేం లేదంటే ఇంటికెళ్లి పడుకునేది. ఆ రెంటికీ మధ్య ఆమెను వదిలేసి డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తమ్ముడి ఇంట్లో ఆమె చెప్పేసింది. మరదలు కుట్టుమిషను ముందుంది. తమ్ముడు కిటికీ దగ్గర. అక్క నేలచూపులు చూస్తూ మంగళవారం, మేడమెట్లు, ఆఫీసు వాళ్లన్న అబద్ధం, తర్వాతి రెండు ఫోన్లు, అన్నీ వరసగా చెప్పింది. మిషను ఆగిపోయింది.

తమ్ముడు పలక ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత రాశాడు. ‘ఆ రోజుల్లో పాడింది ఏ పాట?’

“వేలంపాట,” అంది అక్క.

అతను తుడిచాడు. మళ్లీ రాశాడు. ‘అది బాగా వచ్చింది.’

పలకను ఒళ్లో బోర్లించి కిటికీ వైపు తిరిగిపోయాడు. అది క్షమించడమో, కాదో, వెక్కిరింపో ఆమెకు అర్థం కాలేదు. గొంతుంటే కనీసం మాట తీరును బట్టి తెలిసేది. సుద్దముక్క అక్షరాలకు ఏ తీరూ లేదు.

మరదలు లేచింది. కత్తెర మిషను మీద పెట్టింది, అక్క చెయ్యి పట్టుకుంది. “పద వదినా,” అంది. రెండు వీధుల అవతల ఉన్న అక్క ఇంటిదాకా చెయ్యి వదలకుండా నడిపించింది. మేడెక్కి, గోడలకున్న నాలుగు బొంతలూ మేకుల నుంచి ఊడలాగింది. రెండు చోట్ల పెచ్చులూడాయి. బొంతలు చుట్టి, రెండు చంకలకింద రెండేసి పెట్టుకుని, మెట్లు దిగేముందు ఒక్క క్షణం ఆగింది.

“నాకు చెప్పాల్సింది కదా. నేను ఈడ్చుకెళ్లేదాన్ని.”

అంతే. బోసిగోడల మధ్య అక్క ఏడిస్తే ఆ ఏడుపు నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చింది.

తమ్ముడు ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. మరదలు రాలేదు. ఆసుపత్రిలో అతనికి కొత్తగా మాట్లాడడం నేర్పుతున్నారు. గాలి మింగి, తేనుపులా పైకి తెచ్చి, దాన్నే మాటగా మలుచుకోవాలి. నాలుగు నెలలు అక్క ముందు ప్రయత్నించలేదు. ఒక ఆదివారం ఆమె, “ఆ చివరి పాట తీసేస్తానురా. ఎనిమిదే ఉంచుతాను. నాకు వినలేకుండా ఉంది,” అంది. అతను గాలి మింగాడు. మెడ నరాలు ఉబ్బాయి. కప్ప బెకబెకలాంటి శబ్దం ఒకటి వచ్చింది.

“వద్దు.”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అతను మళ్లీ గాలి మింగి, ఈసారి ఇంకాస్త స్పష్టంగా, “నాది,” అన్నాడు.

పాట ఉంచేసింది. అందులో దగ్గు కూడా ఉండిపోయింది. దాన్ని ఆమె ఇంక వెతకలేదు. ఎక్కడైనా ఆ పాట మొదలైతే ఆ చోటు కోసం ఎదురుచూసి, అది వచ్చాక నడవడం నేర్చుకుంది.

ఏడో నెల చివర్లో, సెలవురోజు మధ్యాహ్నం, మరదలు తలుపు తట్టింది. మనిషి బాగా చిక్కిపోయింది. మంచినీళ్లిస్తే తీసుకుంది. ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చుంది.

“క్షమించానని రాలేదు వదినా. ఆయన పంపితే కూడా రాలేదు.”

“నేనేమీ అడగలేదమ్మా.”

“నిన్న బటన్లు కొనడానికెళ్లాను. దుకాణంలో ఆ పాట పెట్టారు. ఇన్నాళ్లూ వినిపిస్తే చెవులు మూసుకుని పారిపోయేదాన్ని. నిన్న పాట అయిపోయేదాకా నిలబడ్డాను. దెయ్యం మాటలే. అయినా ఆయన గొంతే కదా. ఇంకోసారి పెట్టమని అడిగాను. దుకాణం ఆయన నవ్వి పెట్టాడు. మూడోసారి అడగడానికి సిగ్గేసింది.” గ్లాసు కింద పెట్టింది. “ఆయన ఇప్పుడు రోజుకు పది మాటలు మాట్లాడతాడు. వాటికే అలిసిపోతాడు. నేను మాట్లాడితే జవాబు చెప్పాల్సొస్తుందని నేనూ మానేశాను. ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఏం లేదు. తల పగిలిపోతోంది వదినా. ఏదన్నా మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా సరే. పాట గురించి వద్దు, ఆసుపత్రి గురించి వద్దు. చిన్నప్పటిదేదన్నా చెప్పు. ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?”

అక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత, తమ్ముడికి మూడేళ్లదాకా మాటే రాలేదనీ, మూగవాడేమోనని ఇంట్లో అందరూ భయపడ్డారనీ, ఒక రోజు చంకనెత్తుకుని నడుస్తుంటే కోతిని చూసి ఒక్కసారిగా వీధి దద్దరిల్లేలా కేకేశాడనీ, తాను హడలిపోయి వాణ్ణి కింద పడేసిందనీ చెప్పడం మొదలుపెట్టింది.

“పడేశావా?” అంది మరదలు.

“పడేశాను. నుదుటిమీద మచ్చ లేదూ? అదే.”

“నాతో మేకపిల్ల పొడిచిందన్నాడే!”

“నన్ను కాపాడుతున్నాడన్నమాట, వెధవ,” అంది అక్క. మరదలు నవ్వలేదు. కానీ కాళ్లు చాపుకుని, తల గోడకానించి, కళ్లు మూసుకుంది.

“ఊఁ, తర్వాత?” అంది.